మొదటి అయిదు సెకన్ల మోత

జనవరి 9

తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామంటే ఇక్కడ అందరం లేము. ఉన్నది నేనొక్కదాన్నే. క్షేమంగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

రెండేళ్ళ తర్వాత ఉత్తరం రాస్తున్నది చుట్టరికం గుర్తొచ్చి కాదు, కారు కోసం. మీ బావ పోయాక ఆ కారే నాకు కాళ్ళూ చేతులూ. ఆసుపత్రిలో రిటైరయ్యాక ఇళ్ళకెళ్ళి చూసే నర్సు పని పట్టుకున్నానని తెలుసుగా. వారానికి పదకొండు ఇళ్ళు. ఒకరికి కట్టు మార్చాలి, ఒకరికి గొట్టం మార్చాలి, ఒకావిడకి ఏమీ చెయ్యక్కర్లేదు, కూర్చుని ఆవిడ కోడల్ని తిట్టడం వింటే చాలు. రోజూ వెళ్ళాల్సిన ఇల్లు మాత్రం ఒక్కటే, వంతెన అవతల ఒక ముసలి టైలరు. షుగరు. కళ్ళు సరిగా ఆనవు, ఇంజెక్షన్ తనంతట తను చేసుకోలేడు. ఏడున్నరకి నేను వెళ్ళి సూది వేస్తేనే ఆయన నోట్లో ముద్ద పెట్టుకునేది. వెనకా ముందూ ఎవరూ లేరు.

సరే, కారు సంగతి. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఇంజన్ ముందువైపు నుంచి ఒక మోత వస్తోంది. కాసేపటికి అదే పోతుంది. ఇక్కడ ఒక మెకానిక్ చూసి టైమింగ్ బెల్టు మార్చాలన్నాడు. ఇంకొకడు ఈ బండికి బెల్టే లేదమ్మా, చైను, విప్పి చూడాలి అన్నాడు. ఉన్నది బెల్టో చైనో కూడా తేల్చుకోలేని వీళ్ళ చేతిలో బండెలా పెట్టను? బావ ఈ కారు కొన్నది నీ మాట మీద. కాబట్టి నువ్వే చెప్పాలి.

ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తాను. పాత రోజుల్లోలా ఇంజన్ దగ్గర పెడతాను, విని చెప్పు. ఎత్తితే ఎత్తు, లేకపోతే మానెయ్. ఎత్తకపోవడం నీకు కొత్తేం కాదుగా.

ఇట్లు,
నీ అక్క


జనవరి 15

అక్కా,

'తమ్ముడికి'ట, 'ఇట్లు'ట! బ్యాంకు మేనేజరుకి రాసినట్టు రాశావేంటక్కా. కవరు మీద నీ చేతిరాత చూసి, చింపకుండా పావుగంట అలా పట్టుకుని కూర్చున్నాను. నట్టూ అని పిలిచేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే, నువ్వు కూడా మానేస్తే ఆ పేరు ఇంకెవరికివ్వను?

ముందు అసలు సంగతి. నీ బండిలో ఉన్నది చైను. బెల్టు అన్నవాడి షెడ్డు గుమ్మం తొక్కకు.

నువ్వు నర్సువి, చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఇంజన్ అడుగున ఒక ఇరుసు తిరుగుతుంది, క్రాంక్ అంటాం. పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతూ దాన్ని తిప్పుతాయి. పైన ఇంకో ఇరుసు, అది కామ్. గాలి లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి వాల్వులుంటాయి చూడు, వాటిని తెరిచి మూసేది అది. కిందిది రెండు చుట్లు తిరిగేసరికి పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. నీ బండిలాంటివాటిలో ఇరుసుల చివర చక్రాల మీద ఆ లెక్క రెండు మూడు పళ్ళు తప్పిందా, తెరుచుకుని ఉన్న వాల్వుని పిస్టన్ వచ్చి గుద్దుతుంది. ఇంక అంతే సంగతులు. ఈ రెంటినీ కలిపి తిప్పేదే బెల్టు, లేదా చైను. పెద్ద లారీ ఇంజన్లలో చాలావాటికి రెండూ ఉండవు, పళ్ళచక్రాలే ఒకదాన్నొకటి తిప్పుకుంటాయి.

బెల్టంటే రబ్బరు. చప్పుడు చెయ్యదు, నూనె అడగదు, మహా మర్యాదస్తురాలు. ఇన్నేళ్ళకి, ఇన్ని కిలోమీటర్లకి అని కంపెనీ వాడు రాసిపెడతాడు, ఏది ముందొస్తే దానికి మార్చెయ్యాలి. మార్చకపోతే ఒకరోజు నడిరోడ్డు మీద పుటుక్కున తెగుతుంది. ముందు మాటమాత్రమైనా చెప్పదు. చైను అలా కాదు. ఇనుము. ఇంజన్ లోపలే నూనెలో తడుస్తూ తిరుగుతుంది. టైముకి నూనె మారిస్తే ఇంజనంత కాలం బతుకుతుంది. సాగిందంటే మోత మొదలెడుతుంది. పోయేముందు గోల పెట్టి చెబుతుంది కాబట్టి నాకు చైనంటేనే ఇష్టం. బావ సంగతి తెలుసుగా, కళ్ళజోడు కాడ విరిగితే ఏడాది దారం కట్టుకు తిరిగిన మనిషి. ఆయన టైముకి బెల్టు మారుస్తాడా? అందుకే వెతికి వెతికి చైను బండి చూశాను.

ఫోన్ మాత్రం చెయ్యకు. అది సరిగ్గా పనిచెయ్యడం లేదు. బటన్ల ఫోనాయె, మెసేజులు రాయడం నాకు రాదు. ఉత్తరమే రాయి. మోత ఎలా ఉందో అక్షరాల్లో పెట్టు. కీచుమంటోందా? అయితే అది బయట తిరిగే ఫ్యాను బెల్టు, భయం లేదు. పైనుంచి టకటకలాడితే వాల్వులు. డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగలమంటే చైను. అదే అయితే, తాళం తిప్పగానే సెకన్లు లెక్కపెట్టు. నూనె పైకెక్కి చైనుని బిగించడానికి కాస్త టైము పడుతుంది, మొదటి అయిదు సెకన్ల మోతకి కంగారుపడకు. అయిదు దాటితే బండి కదపకు, విప్పించు.

నువ్వు తింటున్నావా?

నీ నట్టు


జనవరి 23

తమ్ముడూ,

నీ ఉత్తరం శనివారం అందింది. ఫోన్ చెయ్యొద్దన్నావు. నీ మాట నేనెప్పుడు విన్నాను గనక? ఆదివారం చేశాను. పనిచెయ్యని ఫోను మొదటి రింగుకే ఎత్తావు! 'అక్కా' అన్నావు. ఆ గొంతు విని ఎంతకాలమైందో.

'ఉండరా, ఇంజన్ దగ్గర పెడుతున్నా' అని బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కన ఫోన్ ఆనించి, వెళ్ళి తాళం తిప్పాను. నువ్వు చెప్పినట్టే గలగల. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. తొమ్మిది దాకా మోగింది. పరుగున వచ్చి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేసరికి నువ్వు 'బాగానే ఉందక్కా, ఏం కాదు, నడుపుకో' అంటున్నావు. 'ఒరే, నీకు వండిపెట్టేది ఎవర్రా' అని నేను అడుగుతూనే ఉన్నాను, పెట్టేశావు.

ఇప్పుడు చెప్పు. అయిదు దాటితే కదపొద్దని ఉత్తరం అంటోంది. బాగానే ఉందని ఫోను అంటోంది. ఏ తమ్ముణ్ణి నమ్మమంటావు?

ఇక్కడి రెండో మెకానిక్, అదే చైను అని సరిగ్గా చెప్పినవాడు, రోజూ గళ్ళచొక్కా వేసుకుంటాడు, పాపం మంచివాడే. 'ఒక్కరోజు బండి వదలండమ్మా, మూత విప్పి చూస్తాను' అన్నాడు. ఒక్కరోజు వదిలితే టైలరు దగ్గరకి ఎలా వెళ్ళను? బస్సు పదింటి దాకా లేదు.

ఇంకో మాట, రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. బావ పోయిన రోజు మధ్యాహ్నం నీకు పదకొండు సార్లు ఫోన్ చేశాను. ఆసుపత్రి వరండాలో నిలబడి, ఒకదాని తర్వాత ఒకటి. ఊళ్ళో లేను, సామాను కోసం వెళ్ళాను అన్నావు తర్వాత. సామాను కోసం వెళ్ళినవాడి జేబులో ఫోనుండదా? మొన్న మొదటి రింగుకే ఎత్తావు. అంటే ఎత్తాలనుకుంటే ఎత్తగలవన్నమాట.

తింటున్నాను.

అక్క


జనవరి 30

అక్కా,

ఫోన్లో విన్నానుగా. నా చెవి మీదే అనుమానమా? ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇంజన్లు వింటున్న చెవి ఇది. చలికాలం నూనె చిక్కబడుతుంది, రెండు మూడు సెకన్లు ఎక్కువ మోగితే మోగుతుంది. పైగా నువ్వు కంగారులో గబగబా లెక్కపెట్టుంటావు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఇరవై దాకా నాలుగు సెకన్లలో లెక్కపెట్టేదానివి.

నూనె మార్పించు. స్టార్ట్ చేశాక కాసేపు ఆగి కదులు. చాలు.

పదకొండు సార్ల గురించి అడిగావు. సామాను కోసం వెళ్ళాను, ఫోన్ షెడ్డులో మర్చిపోయాను. అప్పుడే చెప్పానుగా. పాతవి తవ్వకు.

వంట నేనే చేసుకుంటాను. ఒక గిన్నె, ఒక పళ్ళెం. ఎవరూ అలగరు.

నట్టు


ఫిబ్రవరి 12

నీకు,

నూనె మార్పించాను. నాలుగు రోజులు మోత తగ్గింది. నా తమ్ముడు ఎంతైనా పనివాడు అని మురిసిపోయాను. గళ్ళచొక్కా అబ్బాయి దారిలో ఆపి మరీ చెప్పాడు, మూత విప్పనివ్వండి అని. 'మా తమ్ముడు ఫోన్లో విన్నాడు, బాగానే ఉందన్నాడు' అని కాస్త పొగరుగానే చెప్పి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున వంతెన మధ్యలో ఫట్‌మని చప్పుడై కారు ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజన్ పట్టు లేకుండా గిర్రున ఊరికే తిరుగుతోంది, అంటుకోదు. వెనక బళ్ళవాళ్ళు ఒకటే హారన్లు. సంచీ భుజానేసుకుని నడిచాను. మోకాళ్ళ సంగతి నీకెందుకులే. వెళ్ళేసరికి తొమ్మిదిం ముప్పావు.

ఆ టైలరు నా కోసం చూసి చూసి, ఇంక రానేమో అనుకుని, సూది తనే తడుముకుని ఎక్కించుకున్నాడు. గీతలు ఆనలేదు. వెయ్యాల్సినదానికి రెట్టింపు వేసుకున్నాడు. నేను తలుపు తోసేసరికి కుట్టుమిషన్ మీద వాలిపోయి, ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. గ్లూకోజ్ ఎక్కించాను. నన్ను గుర్తుపట్టడానికి గంటన్నర పట్టింది. గుర్తుపట్టి ఏమన్నాడో తెలుసా? 'మీకు ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డానమ్మా' అన్నాడు. నేను ఆయన వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను.

సాయంత్రం గళ్ళచొక్కా అబ్బాయి ఇంజన్ విప్పి చూపించాడు. చైనుని పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ విరిగి, చైను సాగి పళ్ళు దాటేసింది. నాలుగు వాల్వులు వంగాయి. 'ఈ మోత విని బాగుందన్నవాడు మెకానిక్ ఎలా అయ్యాడమ్మా? చెవిటివాడికి కూడా వినిపిస్తుంది' అన్నాడు. మా తమ్ముణ్ణి అంత మాట అంటావా అని వాడి మీద లేవబోయి ఊరుకున్నాను. ఏం మొహం పెట్టుకుని లేవను?

నువ్వు విననే లేదు. ఫోన్ పక్కన పడేసి, నోటికొచ్చింది చెప్పి పెట్టేశావు. ఆ రోజూ అంతే, ఈ రోజూ అంతే. నేనంటే నీకు లెక్కలేదని ఒక్కసారి చెప్పేస్తే పోయేదిగా, ఒక ముసలాయన ప్రాణం మీదకి తేవడం ఎందుకు?

ఇక రాయకు.


ఫిబ్రవరి 17

అక్కా,

రాయకు అన్నావు. ఇదొక్కటి చదివి చింపెయ్.

గళ్ళచొక్కా అబ్బాయి నిజమే చెప్పాడు, కానీ ఒక్కచోట తప్పాడు. చెవిటివాడికి వినిపించదు. నాకు వినిపించలేదు.

నా కుడి చెవి పోయి ఆరేళ్ళయింది. ఎడమది కొంచెం కొంచెంగా పోతూ వచ్చింది. ఇప్పుడు హారన్ పక్కనే కొడితే ఏదో తగిలినట్టుంటుంది, అంతే. రేకుల షెడ్డు మీద వాన పడితే తలుపు తీసి చూస్తేగానీ తెలీదు. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెబుతాడని నాకు పేరు. చెవిటి మెకానిక్ దగ్గరకి బండి ఎవడు తెస్తాడు? ఆ పేరు తప్ప నాకేముంది చెప్పు. పెళ్ళా, పిల్లలా?

ఎలా నెట్టుకొస్తున్నానని అడుగుతావు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటుంది. దాని మొన ఇంజన్‌కి ఆనించి, పిడి పళ్ళ మధ్య పట్టుకుంటాను. చైను వదులైతే ముందుపళ్ళు జిల్లుమంటాయి, బేరింగ్ పోతే దవడ అదురుతుంది. చూసేవాళ్ళు అదేదో గొప్ప విద్య అనుకుని నోళ్ళు వెళ్ళబెడతారు. నేను గంభీరంగా తలాడిస్తాను. పెదాలు చూసి మాటలు పట్టుకుంటాను. మీసాలు గుబురుగా ఉన్నవాళ్ళు వస్తే నా పని అయిపోయినట్టే.

ఫోనులో మాత్రం పళ్ళకి ఏమీ అందదు.

బావ పోయిన రోజు నేను ఎక్కడికీ వెళ్ళలేదక్కా. షెడ్డులోనే ఉన్నాను. ఫోన్ బల్ల మీద, నాకు మూడడుగుల దూరంలో ఉంది. నేను అటు వీపు పెట్టి గేర్‌బాక్స్ దించుతున్నాను. పదకొండు సార్లు మోగింది. సాయంత్రం చెయ్యి తుడుచుకుని చూస్తే వరసగా నీ పేరే. అప్పటికి అంతా అయిపోయింది. ఊళ్ళో లేనని అబద్ధం చెప్పాను. మూడడుగుల దూరంలో ఉండి వినలేదంటే నమ్ముతావా? నమ్మితే ఎందుకు వినలేదంటావు. అది చెప్పలేక.

మర్నాడు సాయంత్రం మీ ఇంటి వెనక వసారాలో ఇద్దరం కూర్చున్నాం, గుర్తుందా? చీకటి పడుతోంది, లైటు వెయ్యలేదు. నువ్వు గోడవైపు తిరిగి చాలాసేపు మాట్లాడావు. నీ భుజాలు కదలడం కనిపించింది, మొహం కనిపించలేదు. నువ్వు ఆగినప్పుడల్లా ఊఁ అన్నాను. ఏమడిగావో తెలీదు. దేనికి ఊఁ అన్నానో ఈ రోజుకీ తెలీదు. ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడటం మానేశావు, అంటే అనకూడనిదానికే అన్నానని తెలిసింది.

నువ్వు ఫోన్ చేసిన ఆదివారం, వద్దన్నా చేస్తావని తెలిసి, ఏడు కాకముందే బల్ల ముందు కుర్చీ వేసుకుని ఆ ఫోన్‌నే చూస్తూ కూర్చున్నాను. దీపం వెలగ్గానే ఎత్తాను. పదకొండు సార్లు ఎత్తలేదు, పన్నెండోది కూడా ఎత్తకపోతే నన్ను వదిలేస్తావని భయమేసింది. ఎత్తాక ఏమీ వినిపించలేదు. ఏదో ఒకటి చెప్పాలిగా, బాగానే ఉందన్నాను. ఉత్తరంలో అయినా నిజం రాసుండాల్సింది. తొమ్మిది సెకన్లని నువ్వు స్పష్టంగా రాశావు, అది చదివాను, అది చాలు ఆ బండి ఆపడానికి. పరువు అడ్డొచ్చింది. చైను దాని పని అది చేసింది, గోల పెట్టి చెప్పింది. నువ్వూ చెప్పావు. నేనే నీ నోరు మూయించాను.

టైలరు గారికి ఎలా ఉంది? ఆ ఒక్కటి కార్డు మీద రాసి పడెయ్. ఇంకేమీ అడగను.

నట్టు


ఫిబ్రవరి 23

ఒరే నట్టూ,

ఆయన బాగున్నాడు. గళ్ళచొక్కా అబ్బాయి రోజూ పొద్దున తన బండి మీద నన్ను అక్కడ దింపుతున్నాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి నా మీద నాకే అసహ్యంతో, తర్వాత ఊరికే. రోజూ చెవుడున్న ముసలాళ్ళ దగ్గర గొంతు చించుకునేదాన్ని. వాళ్ళు మొహంలోకి ఎలా చూస్తారో, ఊఁ ఎక్కడ కొడతారో నాకు కొట్టినపిండి. సొంత తమ్ముడి చెవులు పోతే కనిపెట్టలేకపోయాను. మంచి నర్సుని!

వసారాలో ఏమడిగానో చెబుతాను. రెండేళ్ళుగా లోపల పెట్టుకు తిరుగుతున్నాను, అప్పచెప్పేస్తా. 'నా ఫోన్లు చూశావా' అని అడిగాను. ఊఁ అన్నావు. 'చూసి కూడా ఎత్తలేదా' అన్నాను. ఊఁ అన్నావు. తర్వాత 'ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండగలనంటావా' అన్నాను. దానికీ ఊఁ.

సరే, మా తమ్ముడు ఉండగలవన్నాడు, ఉంటే పోయె అనుకున్నాను. రెండేళ్ళు ఉన్నాను. ఆదివారాలు మరీ ఘోరంగా ఉంటాయిరా. రోగుల ఇళ్ళకి పనిలేకపోయినా వెళ్తుంటాను. రెండు కప్పులు కడిగి బోర్లిస్తాను, తాగేది ఒక దాంట్లోనే.

చూడు, నిన్ను తిట్టాలని ఉంది, తిట్టినా నీకు వినిపించదు, అదో బాధ. ఎదురుగా నిలబడి తిడితే పెదాలు చూసి పట్టుకుంటావుగా. అందుకని ఒక పని చేస్తున్నాను. గళ్ళచొక్కా అబ్బాయి ఇంజన్ తను బాగుచేస్తానన్నాడు. వద్దన్నాను. దాన్ని చెడగొట్టినవాడే బాగుచెయ్యాలి. మార్చి మొదటి సోమవారం లారీ మీద ఎక్కించి నీ షెడ్డుకి తెస్తాను. నేనూ అదే లారీలో వస్తాను. ఇళ్ళకి ఇంకో నర్సుని మాట్లాడాను, రెండు వారాలకి.

వసారాలో అడిగిన మూడో ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను. నేనొక్కదాన్నే ఉండగలనంటావా? ఈసారి చదివి జవాబు రాయి. ఊఁ అన్నావో, చంపేస్తా.

అక్క


ఫిబ్రవరి 28

అక్కా,

ఉండలేవు. నేనూ ఉండలేకపోతున్నాను.

జవాబు అంతే. ఇంక బండి సంగతి. ఎవర్నీ తాళం తిప్పనివ్వకు, ఒక్కసారి తిప్పినా ఇంకో వాల్వు పోతుంది. విప్పిన బోల్టులన్నీ సంచీలో వేసి తీసుకురా, ఒక్కటి కూడా పారేయొద్దని ఆ అబ్బాయికి చెప్పు. మంచి పనివాడిలా ఉన్నాడు. నా తరపున క్షమాపణ కూడా చెప్పు.

షెడ్డు వెనక గదిలో ఒకే మంచం ఉంది, అది నీకు. రెండో కప్పు కొన్నాను.

లారీ వచ్చి హారన్ కొడితే నాకు తెలీదు. సోమవారం పొద్దుట్నుంచి బయటే నిలబడి ఉంటాను.

నట్టు


ఏప్రిల్ 3

అక్కా,

ఇంటికి చేరానని నువ్వు రాసిన కార్డు అందింది. పన్నెండు రోజులుండి, టైలరు గారు ఎదురుచూస్తుంటారని వెళ్ళావు. షెడ్డు మళ్ళీ ఖాళీ. నువ్వొచ్చే దాకా అది ఖాళీ అని కూడా తెలీలేదు నాకు, అలవాటు పడిపోయాను. ఇప్పుడు మాటిమాటికీ తలెత్తి నువ్వు కూర్చున్న ఎర్ర స్టూలు వైపు చూస్తున్నాను, నువ్వు ఏమైనా అంటున్నావేమోనని. పగలు ఎలాగో గడుస్తోంది. సాయంత్రం షట్టరు దించేటప్పుడు చాలా కష్టంగా ఉంది. రాయకూడదనుకున్నాను. ఇలాంటివి దాచే కదా ఇంత చేశాను, అందుకే రాస్తున్నాను.

నువ్వు రంగుతో రాసి తగిలించిన బోర్డు అలాగే ఉంది. 'నాకు చెవులు వినిపించవు, ఎదురుగా నిలబడి మెల్లగా చెప్పండి.' అది చదివి ఇద్దరు బళ్ళు వెనక్కి తిప్పుకుని పోయారు. ఒకాయన మాత్రం ఎదురుగా నిలబడి, మెల్లగా, తన భార్య గురించి కూడా చెప్పాడు. బండి సంగతి చివర్లో చెప్పాడు. ఎప్పుడూ వచ్చే గుబురు మీసాలాయన ఒకడు మీసం కత్తిరించుకొచ్చాడు, నమ్ముతావా! నువ్వు తీసుకెళ్ళిన చెవుల డాక్టరు చెప్పిన వినికిడి మిషన్ ఇంకో పది రోజుల్లో వస్తుందట. ఎడమవైపు ఎంతో కొంత పనిచేస్తే చూద్దాం. ఆశలేం పెట్టుకోలేదు. కొంచెం పెట్టుకున్నాను.

నీ చైను ఎలా ఉంది? పొద్దున సెకన్లు లెక్కపెడుతున్నావా? మూడు దాటితే రాయి. చైను ఎక్కించాక పై చక్రం గుర్తూ కింది చక్రం గుర్తూ సరిగ్గా కలిశాయో లేదో, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడనిదే తాళం ముట్టుకోననే పట్టుదల నాది. విసుక్కున్నావు. మొదటిసారి నువ్వు స్టార్ట్ చేసినప్పుడు నేను స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకోలేదు, చూశావా? నిన్నే చూస్తూ నిలబడ్డాను. రెండు వేళ్ళు చూపించావు. రెండే సెకన్లని. నా పళ్ళకన్నా నువ్వే నయం.

నువ్వు బయల్దేరిన పొద్దున సంగతి రాయాలి. సామాను సర్దడం అయింది, బండి ఎక్కావు. అద్దం దించి, వెనక్కి చూసుకుంటూ ఏదో అన్నావు. మొహం అటు తిరిగి ఉంది. నేను అలవాటు కొద్దీ ఊఁ అనేశాను. బండి కదిలింది. గేటు దాటుతుంటే అప్పుడు తట్టింది. దేనికన్నాను ఊఁ?

ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు. యాభై ఆరేళ్ళవాడు లుంగీ ఎగ్గట్టి వీధంట పరిగెత్తి, బానెట్ మీద రెండు చేతులూ వేసి అడ్డం పడ్డాడు. ఏమైందో అని నీ మొహం తెల్లబోయింది. 'ఏమన్నావు? మళ్ళీ చెప్పు' అన్నాను. నువ్వు నా వైపు తిరిగి, పసివాడికి చెప్పినట్టు ఒక్కో మాటే పలికావు.

'స్టవ్ మీద పాలు పెట్టాను. పొంగుతాయి, చూసుకో.'

అని నవ్వావు. నవ్వుతూనే ఏడ్చావు. 'ఈ మాత్రం దానికి బండికి అడ్డం పడతావట్రా' అన్నావు. ఆ మాట మాత్రం పెదాల మీద బాగా కనిపించింది.

ఈ మాత్రం దానికే పడ్డానక్కా. వెనక్కెళ్ళేసరికి పాలన్నీ పొంగిపోయాయి.

నట్టు